నిలవని గుడ్డు కోసం

పొద్దున్నే దవాఖానకు బయల్దేరేటప్పుడు జానమ్మ చేతిలో ఒక చిన్న ముంత ఉండేది. ముంతలో ముందురోజు మిగిలిన జొన్న అంబలి, పులిసి పైన నురగ కట్టింది. అది ఆమె సద్ది కాదు, పురుగుల తిండి.

దవాఖాన నల్లగొండ ఊరి అంచున, గుట్ట కింద ఉండేది. మిషనువాళ్లు కట్టించింది. ఆడవాళ్ల వార్డు వెనక, ఉత్తరం కిటికీ ఉన్న ఒక చిన్న గదిలో సూక్ష్మదర్శిని ఉండేది. ఊళ్లో అందరూ దాన్ని దుర్బీను అనేవాళ్లు. కడుపులో పురుగులున్నాయో లేదో చూడటానికి రోగులు తెచ్చిన మలాన్ని అక్కడ పరీక్ష చేసేవాళ్లు. గాజు పలకలు కడగడం, ఆరబెట్టడం, గది ఊడవడం జానమ్మ పని. అది 1947. ఆమెకు ముప్పై నిండలేదు.

వార్డులో ఆయా అమృతమ్మ గడప మీద కూర్చుని ముంత వైపు చూసేది.

“ఏమే జానీ, పిల్లలకు సద్ది తెచ్చినవా?”

“తెచ్చిన అక్కా. మిగిలితే నీకు గూడ పెడ్త.”

“నాకెందుకే, నీ పిల్లలకే పెట్టుకో. ఏం పిల్లలే అవి, మొగడు లేకుంటనే పుట్టుడా! నా మొగనికి తెల్వనియ్యకు, ఇగ తనతోని ఏం పని అని ఇంట్ల గింజలు తెచ్చుడు బంద్ జేస్తడు.”

ఇద్దరూ నవ్వేవాళ్లు. ఆ మాట వేరేవాళ్లు అని ఉంటే జానమ్మ వాళ్లతో మళ్లీ మాట్లాడేది కాదు. అమృతమ్మ అనవచ్చు. జానమ్మను బండిలోంచి దించి, ఆమె చీర పిండి, ఆమె రక్తం కడిగిన చెయ్యి అమృతమ్మది.

జానమ్మకు ఐదుసార్లు కడుపు వచ్చింది. ఐదుసార్లూ మూడో నెల దాటలేదు. నొప్పి ఉండేది కాదు, జ్వరం ఉండేది కాదు. ఒకరోజు పొద్దున లేచేసరికి పోయేది. ఐదోసారి రక్తం ఆగలేదు. మొగుడు ఏసోబు ఆముదాల బండి ఖాళీ చేసి, గోనెసంచుల మీద ఆమెను పడుకోబెట్టి నకిరేకల్ వైపు నుంచి నల్లగొండకు తోలుకొచ్చాడు. బతికింది. బతికాక ఊరికి తిరిగి వెళ్లలేదు. దవాఖానలో పని అడిగి పెట్టించుకుంది. ఏసోబు కూడా తల్లి బిక్షమ్మను తీసుకుని దవాఖాన వెనక గుడిసెల్లోకి వచ్చేశాడు. బండి తోలేవాడికి ఏ ఊరైనా ఒకటే అన్నాడు. అది నిజం కాదు. నకిరేకల్ అంగడిలో అతనికి తెలియని అడ్తిదారు లేడు, నల్లగొండలో తెలిసినవాడు ఒక్కడు లేడు.

ఆమె ప్రాణం నిలబెట్టిన డాక్టరు పేరు శోశమ్మ. మలబారు దిక్కు క్రైస్తవురాలు, నలభై దాటింది, పెళ్లి చేసుకోలేదు. బైబిలు చదివి కొంత, రోగులు తిట్టుకుంటుంటే విని కొంత తెలుగు నేర్చుకుంది. వైద్యానికి ముందు ఆమె మద్రాసులో జంతుశాస్త్రం చదివింది. ఆ చదువు మీద ఇష్టం చావలేదు. రోగుల మలాన్ని బొగ్గుపొడితో కలిపి పెంచే కడుపు పురుగుల మధ్య ఒకసారి మట్టిపురుగులు కొన్ని చేరాయి. నువ్వుగింజలో సగం పొడుగు, వెంట్రుక కన్నా సన్నం. రోగం తేవు, ఎవరి జోలికీ పోవు. మగదానితో పని లేకుండా ఒక్కో పురుగే గుడ్లు పెట్టి పిల్లలను చేస్తుంది. ఇంకెవరైనా అయితే పారబోసేవాళ్లు. శోశమ్మ పారబోయలేదు. వాటి గుడ్డు అద్దంలా ఉంటుంది, లోపల ఏం జరుగుతున్నదీ కనిపిస్తుంది.

ఒకరోజు మధ్యాహ్నం, రోగుల వరుస తగ్గాక, ఆమె జానమ్మను పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టింది.

“ఒక కన్ను మూసుకో. రెండో కన్ను ఇక్కడ పెట్టు. ఊపిరి గాజు మీద వదలకు.”

మొదట జానమ్మకు తన కనురెప్పలే కనిపించాయి. తర్వాత ఒక గుడ్డు. కోడిగుడ్డు ఆకారమే, కానీ లోపల ఇసుక పోసినట్టు గరుకు. ఆ ఇసుక మధ్య రెండు చివరల నుంచి రెండు తెల్లటి గుండ్రాలు మెల్లగా జరిగి వచ్చి ఒకదాన్నొకటి తాకాయి. అవి తాకిన చోట అటొకటి ఇటొకటి రెండు చుక్కలు తేలాయి. చుక్కల చుట్టూ ఇసుక వెనక్కి జరిగి, పొద్దుతిరుగుడు పువ్వు రేకుల్లా గీతలు పడ్డాయి. చుక్కలు రెండూ దూరం జరిగాయి. వాటి మధ్య నూలు చుట్టిన కదురు లాంటిది సాగింది. అది అటూ ఇటూ రెండుసార్లు ఊగింది. గుడ్డు నడుము దగ్గర నొక్కుకుని రెండయింది.

జానమ్మ తల ఎత్తలేదు.

“మా నాయిన పడుగు జాపినట్టున్నది” అంది.

ఆమె తండ్రి పెద్దులు మాలవాడలో ముతకగుడ్డ నేసేవాడు. తెల్లవారగానే వాడకట్టు ఈ చివర ఒక గుంజ, ఆ చివర ఒక గుంజ పాతి, వాటి మధ్య పడుగు సాగదీసేవాడు. చిన్నప్పుడు జానమ్మ తెగిన పోగులు వెతుకుతూ దాని పక్కన నడిచేది. ఆ మాట చెబితే డాక్టరమ్మకు నచ్చింది. కదురు లాంటిదానికి ఇంగ్లీషులో పేరు స్పిండిల్ అని, చివరల చుక్కలకు సెంట్రోసోములు అని చెప్పింది. తర్వాత ఆ గదిలో ఆ పేర్లు ఎవరూ వాడలేదు. ఇద్దరూ పడుగు అన్నారు, గుంజలు అన్నారు.

“ఇప్పుడు ఇది చూడు” అని శోశమ్మ ఇంకో పలక పెట్టింది.

ఇదీ అలాంటి గుడ్డే. తెల్లటి గుండ్రాలు వచ్చాయి, తాకాయి. చుక్క ఒక్కటే తేలింది. రెండోది రాలేదు. పడుగు సాగడానికి అవతల గుంజ లేదు. గీతలు ఒకవైపు పుట్టి, ఎటు పోవాలో తెలియక ముడుచుకున్నాయి. గుడ్డు నడుము నొక్కుకోవడానికి చూసింది, వదిలేసింది, మళ్లీ చూసింది. చివరికి లోపలంతా బుడగలు బుడగలుగా చెదిరి ఆగిపోయింది.

“దీని తల్లికి ఏం రోగం?” అని అడిగింది జానమ్మ.

“ఏ రోగమూ లేదు. తింటుంది, తిరుగుతుంది, అందరిలాగే గుడ్లు పెడుతుంది. గుడ్డు తయారయ్యేటప్పుడు తల్లి అందులో పెట్టవలసినది ఏదో పెట్టలేకపోతుంది. పుట్టుకతోనే అలా ఉంది.”

“అన్ని గుడ్లు గిట్లనేనా?”

“నేను చూసినవన్నీ ఇలాగే.”

జానమ్మ స్టూలు మీద నుంచి లేచింది. పలకలు కడగడానికి పోయి, కడిగినవే మళ్లీ కడిగింది. చాలాసేపటికి గది బయట నుంచే అడిగింది.

“నాది గూడ గిదేనా డాక్టరమ్మా?”

శోశమ్మ అబద్ధం చెప్పే మనిషి కాదు. “తెలియదు. కడుపులో మనిషి గుడ్డు ఇలా చీలుతుంటే నేను చూడలేదు, ఎలా చూస్తాను? నువ్వు పురుగువు కాదు జానమ్మా. దీన్ని చూసి నీ సంగతి చెప్పలేను.”

ఆ మాటలో రెండోభాగం జానమ్మ వినలేదనే చెప్పాలి. తెలియదు అన్నది మాత్రం విన్నది. అప్పటిదాకా ఆమెతో ఎవరూ తెలియదు అనలేదు. అందరికీ తెలుసు. బరువులు మోసినందుకు అని ఒకరు, మైసమ్మకు మొక్కు ఎగ్గొట్టినందుకు అని ఒకరు, ప్రార్థన చాలనందుకు అని పాస్టరు భార్య. ఆ గుడ్డును చూశాక మొదటిసారి ఆమెకు ఎవరి తప్పూ లేకుండానే ఇది జరగవచ్చు అనిపించింది. పురుగు బరువులు మోయలేదు, మొక్కులు ఎగ్గొట్టలేదు.

ఆ రోజు నుంచి పురుగుల పని ఆమెదే అయింది. చీపురు ఈనె చివర మైనంతో ఒక గుర్రపు వెంట్రుక అంటించి, దానితో ఒక్కొక్క తల్లిని ఎత్తి వేరే గాజు చిప్పలో పెట్టేది. అంబలి చుక్క వేసి, తడిగుడ్డ కప్పేది. డాక్టరమ్మ నేర్పిన పద్ధతి ఒక్కటే. గుడ్లు నిలవని తల్లికి వంశం ఉండదు కాబట్టి, ఆ లోపాన్ని కాపాడుకోవాలంటే దాని అక్కచెల్లెళ్లను కాపాడాలి. వాటి గుడ్లు నిలుస్తాయి. కానీ ఆ అక్కచెల్లెళ్లలో కొన్నిటి పిల్లల్లో మళ్లీ కొన్ని గుడ్లు నిలవని తల్లులు పుడతాయి. చూపుకు అన్నీ ఒకటే. అందుకని ఒక్కో తల్లి పిల్లలను ఒక్కో చిప్పలో వేరుగా ఉంచాలి.

“ఒక తల్లి పిల్లలను ఇంకో తల్లి పిల్లల్లో కలపకు. ఏం చేసినా అది చేయకు” అంది శోశమ్మ.

ఆ చలికాలం చాలా చలి. జనవరి చివర్లో ఒక పొద్దున జానమ్మ గుడ్లు నిలవని ఒక తల్లి చిప్పను కిటికీ వెలుగులో పెట్టింది. చచ్చిన గుడ్లు పదులకొద్దీ ఉన్నాయి. వాటి మధ్య ఒక గుడ్డులో ఏదో కదిలింది. కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. గుడ్డులో మడత పడుకుని ఒక పిల్ల మెలి తిరుగుతోంది.

“డాక్టరమ్మా! అమ్మా! జల్ది రాండ్రి!”

ఆపరేషను గదిలో నుంచి శోశమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. వంగి చూసింది. ఆమె చాలాసేపు చూడటం జానమ్మకు గుర్తుంది.

“నిలిచింది గద? ఒక్కటి నిలిచింది గద?”

“నిలిచినట్టే ఉంది. కానీ ఈ గుడ్డు ఈ తల్లిదేనా? నిన్న ఈనె సరిగ్గా తుడిచావా? పక్క చిప్పలో గుడ్డు ఒకటి అంటుకుని వచ్చి ఉంటే?”

జానమ్మ తుడిచాననే అనుకుంది. ప్రమాణం చేసి చెప్పలేకపోయింది.

“చలికి ఒకటి అరా నిలుస్తాయేమో. అలాంటివి ఉంటాయని నేను చదివాను” అంది శోశమ్మ. “ఒక్కసారి చూస్తే లాభం లేదు. చలి తగ్గిపోతోంది. వచ్చే చలికాలం ఎక్కువ తల్లులతో, కొత్త ఈనెలతో మళ్లీ చూద్దాం. అప్పుడు తేలుతుంది.”

ఆ సాయంత్రం గుడిసె ముందు ఏసోబు ఎడ్లకు కుడితి పెడుతుంటే జానమ్మ వెళ్లి పక్కన నిలబడింది.

“ఒక మాట జెప్త, నవ్వొద్దు.”

“చెప్పు.”

“గుడ్లు నిలవని తల్లికి ఒక్కటన్న నిలుస్తదా లేదా వచ్చే చలికాలం తెలుస్తదట. గది తెలిసేదాంక నాకు కడుపు వద్దు. ఆరోది గూడ పోతే నేను బత్కను. ఒక్కటన్న నిల్చేదుంటే ఎన్నిసార్లన్న ఓర్సుకుంట. ఒక్కటి గూడ నిలవదంటే, ఆశ ఇడ్సిపెట్టి బత్కుత.”

ఏసోబు ఎడ్ల వీపు నిమిరాడు. అతను మాట తక్కువ మనిషి.

“పురుగు జెప్తదా మనకు?”

“వేరేవాళ్లెవరు జెప్తున్నరు?”

“సరె” అన్నాడు. ఆ తర్వాత అతను పక్క అరుగు మీదకు మార్చాడు. ఆ సంగతి తల్లి బిక్షమ్మకు అర్థమైంది. కోడలిని ఏమీ అనలేదు, కొడుకును మాత్రం పొద్దున లేపేటప్పుడు ముసలి ఎద్దును అదిలించినట్టు అదిలించేది.

ఏప్రిలులో శోశమ్మ తల్లికి పక్షవాతం వచ్చిందని కబురు వచ్చింది. జూను మొదట్లో వచ్చేస్తానని చెప్పి మలబారుకు బయల్దేరింది. ముప్పై చిప్పలు జానమ్మకు అప్పజెప్పింది. సూక్ష్మదర్శినిని పెట్టెలో పెట్టి చర్చి లోపల తాళం వేయించింది. జూను వచ్చింది, డాక్టరమ్మ రాలేదు. నిజాం రాజ్యం సరిహద్దులో రైళ్లు ఆగిపోయాయి, సరుకు రావడం ఆగిపోయింది. ఊళ్ల మీద ఎవరు పడతారో తెలియని రోజులు. పగలు రజాకార్లు, వాళ్ల వెనక పోలీసులు. ఊరివాళ్లు దారులు తవ్వి, గడ్డివాముల వెనక కావలి కాశారు. దవాఖానకు రోగులు తగ్గారు, గాయాలవాళ్లు పెరిగారు. శోశమ్మ బదులు చూస్తున్న చిన్న డాక్టరు హైదరాబాదు పోయాడు. వార్డు మూసేశారు.

ఏసోబు చెల్లెలు హుజూర్‌నగర్ అవతల, కృష్ణ దాటాక, ఒడ్డున ఉన్న ఊళ్లో ఉండేది. అటు నిజాం రాజ్యం కాదు. చాలామంది అటే పోతున్నారు. జూలై మధ్యలో ఒక పొద్దున ఏసోబు బండి కట్టి దవాఖాన వెనక్కు తెచ్చాడు.

“ఏరు పొంగితె పుట్టి నడువది. గీ పూటనే పోవాలె. ఏం తీస్కుంటవో తీస్కో.”

జానమ్మ గదిలోకి పోయి ముప్పై చిప్పల ముందు నిలబడింది. ఏసోబు గుమ్మంలోకి వచ్చాడు.

“పది చిప్పలన్న గడ్డిల జుట్టి పెడ్త. ఒకదాని మీద ఒకటి కొట్టుకోకుంట” అంది జానమ్మ.

“బాట అంత తవ్విపెట్టిన్రు. బండి ఒక్క గుంతల వడితె అన్ని పలుగుతయ్. ఎండకు ఆరిపోయినా పోతయ్.”

బిక్షమ్మ అప్పటికే బండిలో ఎక్కి కూర్చుంది, ఒళ్లో కోడి, చేతిలో విత్తనం జొన్నల మూట. ఆమె అక్కడి నుంచే అరిచింది.

“ఓ పిల్లా, ముప్పై చిప్పలేందే? కొత్తకుండల వొయ్యి! నేను గీ మూటల ఎన్ని కంకుల ఇత్తులు గలిపిన్నో ఎరికేనా? ఇరవై కంకులయి. కరువుల మా అత్త గిట్లనే దెచ్చింది. ఒక్క కంకియి పెట్టుకుంటె అది పుచ్చిందనుకో, ఇగ ఇంటిల్లిపాది మన్ను దినాలె!”

ఆ ప్రాంతంలో విత్తనం ఎప్పుడూ అలాగే దాచేవాళ్లు. మంచి కంకులు ఏరి, దులిపి, అన్నిటినీ ఒక్క కుండలో కలిపి, బూడిద చల్లి, మూతికి పేడ అలికేవాళ్లు. ఒక దాంట్లో కొరత ఉంటే ఇంకోటి పూడుస్తుంది. జానమ్మ చిన్నప్పటి నుంచి ఆ కుండలు అలికింది. కలపకు అన్న డాక్టరమ్మ మాట ఆమెకు గుర్తుంది. దుర్బీనులో చూసేటప్పుడు తికమక పడతామని అలా అని ఉంటుంది అనుకుంది. విత్తులు కలిపినా మళ్లీ ఏరుకోవచ్చు. పురుగులనూ వచ్చాక ఈనెతో ఏరి వేరు చేసుకోవచ్చు. ముందు ప్రాణాలతో ఉండాలి కదా.

ఆమె కొత్త కుండ అడుగున తడి ఇసుక పరిచింది. దాని మీద ఉడికిన జొన్నముద్ద పెట్టింది. ముప్పై చిప్పలూ ఒక్కొక్కటే నీళ్లతో కడిగి ఆ నీళ్లు కుండలో పోసింది. తడిగుడ్డ కట్టింది.

కృష్ణ ఒడ్డున పుట్టి పడవ నడిపే సైదులు సామాను చూసి లెక్క కడుతూ కుండ దగ్గర ఆగాడు.

“ఏందమ్మా గది, పెరుగా?”

“పురుగులు.”

“అన్నం దొర్కని కాలంల పురుగులను మేపుతున్నవా తల్లీ! నీ ఒళ్లెనే వెట్టుకో. నా పుట్టిల వొల్కిందంటే నిన్ను గూడ ఏట్లె దించుత.”

అవతలి ఊళ్లో మూడు నెలలు ఉన్నారు. ఏసోబు ఇటుకబట్టీకి బండి తోలాడు, జానమ్మ మిరపతోటలో కూలికి పోయింది. రోజూ పొద్దున పులిసిన అంబలి చెంచాడు కుండలో వేసేది. ఆడపడుచు ఇంట్లో తాగేనీళ్ల కుండల కింద ఇసుక ఎప్పుడూ తడిగా ఉండేది. పురుగుల కుండను అందులో పూడ్చి పెట్టింది. దుర్బీను లేదు. అయినా తెలిసేది. కుండ లోపలి గోడ మీద, తడి ఉన్నంత మేర, ఎండ పడితే సన్నటి వెంట్రుకల గుంపు మెరుస్తూ అల్లాడేది. చిప్పల్లో ఎన్నడూ అంత గుంపును ఆమె చూడలేదు. ఆడపడుచు చంకలో పిల్లవాడిని దించి, ఇద్దరూ కలిసి కుండలోకి తొంగి చూసేవాళ్లు.

“చూసినవా వదినే, ఎట్ల పెరిగినయో” అనేది జానమ్మ. ఆ పిల్లవాడు కుండలో చెయ్యి పెట్టబోతే చెయ్యి పట్టుకునేది. పట్టుకున్న చెయ్యిని కొంచెం ఎక్కువసేపే పట్టుకునేది. ఆడపడుచు చూసి, చూడనట్టు ఊరుకునేది.

సెప్టెంబరులో ఇండియా పటాలాలు వచ్చాయి, నిజాం రాజ్యం పోయింది. అక్టోబరులో వాళ్లు నల్లగొండకు తిరిగి వచ్చారు. దవాఖాన తలుపులు ఊడి ఉన్నాయి, చర్చిలో పెట్టె మాత్రం పెట్టినట్టే ఉంది. జానమ్మ గది కడిగి, చిప్పలు తోమి, కిటికీ కింద వరుసగా పెట్టి కూర్చుంది. నవంబరు మొదట్లో శోశమ్మ వచ్చింది. తల్లి చనిపోయిందట, మనిషి సగం అయింది. ఆమె పెట్టె దించుకోకముందే జానమ్మ కుండ తెచ్చి ముందు పెట్టింది.

“ఉన్నయ్ డాక్టరమ్మా! ఒక్కటి సుత పోనియ్యలే. చలి గూడ మొదలైంది.”

శోశమ్మ కుండలోకి చూసింది. ముఖంలో సంతోషం వచ్చి, ఆగింది.

“మిగిలిన కుండలేవి?”

“ఒక్కటే. అన్ని అండ్లనే కలిపిన. లేకుంటె ఎండకు పోతుండె.”

డాక్టరమ్మ స్టూలు మీద కూర్చుంది. కుండ మూతి మీద తడిగుడ్డ మళ్లీ కప్పింది.

“తప్పు జేసిన్నా?”

“నువ్వు కాదు. కలపకు అని చెప్పాను, ఎందుకో చెప్పలేదు.” తర్వాత మెల్లగా చెప్పింది. “మంచి తల్లి పిల్లలన్నీ గుడ్లు పెడతాయి. లోపం మోసే తల్లి పిల్లల్లో కొన్ని గొడ్డుపోతాయి. వేరువేరు చిప్పల్లో ఉంటే ఏది ఏదో మనకు తెలుస్తుంది, లోపం ఉన్నదాని కుటుంబాన్నే మనం పెంచుతాం. ఒక్క కుండలో ఉంటే మంచివి ప్రతి తరమూ ఎక్కువవుతాయి, లోపం మోసేవి ప్రతి తరమూ సగానికి తగ్గుతాయి. వీటికి ఒక తరం అంటే నాలుగైదు రోజులు. మూడు నెలల్లో...” చెయ్యి ఊపి ఆపేసింది.

“కుండల లేవంటరా?”

“ఉండవచ్చు. ఒకటీ అరా. ఉంటే వెతికి పట్టుకోవాలి. అది దొరక్కపోతే ఈ చలికి ఒక్కటైనా నిలుస్తుందో లేదో చూడటానికి మనకు తల్లే లేదు.”

“ఎట్ల?”

“ఒక్కో తల్లిని వేరు చేసి, గుడ్లు పెట్టనిచ్చి, అవి నిలుస్తాయా లేదా చూడాలి. వేరే దారి లేదు.”

“చూస్త” అంది జానమ్మ. ఆ పూటే మొదలుపెట్టింది.

చిప్పకు ఒక తల్లి. కొత్త ఈనె, ఒక్కసారి వాడితే పొయ్యిలో వేసేది. పొద్దున రోగుల పలకలు కడిగి, మధ్యాహ్నం వెలుగు కిటికీలోకి బాగా వచ్చేవేళకు దుర్బీను ముందు కూర్చునేది. గుడ్డులో రెండు గుండ్రాలు వచ్చేవి, తాకేవి. ఆమె ఊపిరి బిగబట్టేది. చుక్క ఒకటి తేలేది. రెండోది రాకూడదు, రాకూడదు అని ఆమె పెదాలు కదిలేవి. రెండోది వచ్చేది. గుంజలు రెండూ నిలబడేవి, పడుగు సాగేది, గుడ్డు చక్కగా రెండయ్యేది. ఆమె చిప్ప తీసి పక్కన పెట్టేది. పెళ్లయిన నాటి నుంచి నిలవాలి అని తప్ప ఏమీ కోరని మనిషి, నిలవని గుడ్డు ఒక్కటి చూపించమని కూర్చుంది.

అమృతమ్మ తలుపులోంచి తొంగి చూసింది.

“ఇయ్యాల ఎన్ని పుట్టినయే?”

“అన్ని.”

“మరి ముఖం గట్ల వెట్టినవేందే? అన్ని పుడితె పండుగ జేస్కోవాలె గద!”

“నాకు కావల్సింది పుట్టనిది అక్కా.”

అమృతమ్మ ముంత కడిగి తెస్తానని లోపలికి పోయింది.

జనవరి వచ్చింది. పొద్దున గుట్ట మీద మంచు పట్టేది. చిప్పల మీద తడిగుడ్డలు చేతికి చల్లగా తగిలేవి. శోశమ్మ రెండుసార్లు, చాలు జానమ్మా, ఇక పారబోద్దాం అంది. రెండుసార్లూ జానమ్మ విననట్టే అంబలి చుక్కలు వేసింది. మూడోసారి శోశమ్మ అనలేదు. తనూ ఖాళీ దొరికినప్పుడు ఇంకో స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది.

ఆ నెల చివర్లో ఒక సాయంత్రం ఏసోబు నకిరేకల్ నుంచి ఆముదాలు దింపి వచ్చాడు. గది గడప దగ్గర చెప్పులు విడిచి లోపలికి రాలేదు. అతనికి ఆ గదిలోకి రావడం ఎప్పుడూ మొహమాటమే.

“చలి పోతున్నది” అన్నాడు.

“పోతున్నది.”

“తెలిసిందా?”

“గుడ్లు నిలవని తల్లి ఒక్కటి దొర్కనియ్యి.”

“దొర్కకుంటె?”

జానమ్మ దుర్బీనులోంచి కన్ను తీయలేదు. “పొద్దు వంగుతున్నది. వెలుగు పోతది, జర ఆగు” అంది. అతను గడప బయట గొంతుక్కూర్చుని బీడీ తీశాడు. అది దవాఖాన అని గుర్తొచ్చి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఆ చలికాలంలో జానమ్మ కుండలోంచి వేరు చేసిన తల్లులు మూడు వందల పన్నెండు. మూడు వందల పన్నెండింటి గుడ్లూ పిల్లలయ్యాయి.